ముందొక మాట, వెనకొక మాట లేని పాట

మా పిన్ని పోయిన కబురు నాకు ఒక పద్యం మధ్యలో అందింది.

మా రేడియో స్టేషన్లో మధ్యాహ్నం రెండు గంటల పద్యాల ప్రోగ్రాం నడుస్తోంది. నాటకం పద్యం. పాడేవాడు ఆఖరి పాదం ముగించి రాగం అందుకున్నాడు, వెనక హార్మోనియం ఎక్కుతోంది. ఫోను వెలిగింది. విశాఖపట్నం ఆస్పత్రి నుంచి మా అమ్మ. "పిన్ని ఇంక లేదే" అంది. "ఆఁ" అన్నాను. మామూలు మనిషైతే అన్నీ వదిలేసి లేచి పరిగెత్తాలి. నేను లేవలేదు. పద్యం మధ్యలో ఆపకూడదన్నది పిన్ని పెట్టిన రూలే. ఆ రాగం ఎంతసేపు తీసేడో గానీ నా జన్మలో అంత పొడుగు రాగం వినలేదు. అది దిగేక ఇంకో పద్యం పెట్టి, బయట మేడమెట్ల మీద కూర్చుని అప్పుడు ఏడ్చేను.

నర్సీపట్నంలో ఉన్నవాళ్ళలో చాలామందికి ఆవిడ గొంతు తెలుసు. పేరు తెలీదు. మైకు దగ్గర పేరు చెప్పుకోవడం ఆవిడకి గిట్టేది కాదు. "టైము చెప్పు, పాట చెప్పు, నోరు ముయ్యి. నీ పేరుతో వాళ్ళకేం పని?" అనేది. అందుకని ఇక్కడ కూడా పేరు రాయను. మా అమ్మకి చెల్లెలు. నాకు పిన్ని. చాలు.

ఆవిడ చాలా ఏళ్ళు విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లో పాటలు పేర్చే పని చేసింది. రేడియోలో మాట్లాడేవాళ్ళే పాటలు ఎంచుతారని జనం అనుకుంటారు. కాదు. మాట్లాడేవాళ్ళు మాట్లాడతారు. ఏ పాట వెనక ఏ పాట రావాలి, ఏది ఎన్నాళ్ళకోసారి రావాలి, ఏది అసలు రాకూడదు అని తేల్చే మనిషి వేరే ఉంటుంది, ఒక మూల కంప్యూటర్ ముందు. ఆ మనిషి మా పిన్ని. పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మమ్మకి మోకాళ్ళు పట్టేసి ఒంటరిగా మసలలేని పరిస్థితి వచ్చేక, ఆ ఉద్యోగం వదిలి ఊరికొచ్చేసింది. అదే టైముకి ఇక్కడ ఒక సంఘం వాళ్ళు మేడమీద రెండు గదుల్లో చిన్న రేడియో పెట్టేరు. పాయకరావుపేట వైపు సగం దాకా బాగానే వినిపిస్తుంది, కొయ్యూరు వైపు కొండెక్కడం మొదలుపెట్టగానే గరగర. ఆ గరగర స్టేషన్ని పిన్ని చేతిలో పెట్టేరు. నన్ను పిన్ని మైకు ముందు పెట్టింది.

పొద్దున్న ఎనిమిదింటికి పాత సినిమా పాటలు, మధ్యాహ్నం రెండింటికి నాటకం పద్యాలు. ఈ రెండూ ఆవిడ మొదలుపెట్టినవే. మొదలుపెట్టిన నెలకే కమిటీ పెద్దాయన ఒకాయన వచ్చి కుర్చీలో చేరబడి, "రెండూ పాతవే కదమ్మా, ఒకే గంటలో కలిపేస్తే పోలేదా?" అన్నారు.

పిన్ని నవ్వింది. ఆవిడ నవ్విందంటే అవతలివాళ్ళ పని అయిపోయినట్టే. "మీ ఇంట్లో పాత బియ్యం ఉంటాయి, పాత చింతపండు ఉంటాదండి. రెండూ పాతవే కదా అని ఒకే డబ్బాలో పోస్తారా?" అంది. ఆయన టీ తాగి వెళ్ళిపోయేరు.

ఆయనకి చెప్పింది డబ్బా. నాకు చెప్పింది అసలు సంగతి. విశాఖపట్నంలో ఉన్నప్పుడు పైనించి ఎవరో వచ్చి వీళ్ళకి క్లాసులు పీకేరట. బయటి దేశాల రేడియోల్లో పాత పాటల స్టేషన్లు రెండు రకాలుంటాయి, ఒకటి క్లాసిక్ హిట్స్, ఇంకోటి క్లాసిక్ రాక్, చెవికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ లోపల లెక్క వేరు అని.

"హిట్స్ స్టేషన్ వాడు పాటని అడిగేది ఒకటే" అంది పిన్ని. "నువ్వు ఊళ్ళో అందరికీ తెలుసా? తెలిస్తే రా. డాన్సు పాటైనా పర్లేదు, ఏడుపు పాటైనా పర్లేదు, గిటారు పాటైనా పర్లేదు. ఎవరికీ తెలీకపోతే ఎంత గొప్ప పాటైనా బయటే ఉండు. రాక్ స్టేషన్ వాడు అలా కాదు. నువ్వు మా తీరు పాటవేనా అని అడుగుతాడు. ఆ గిటారు, ఆ డ్రమ్ము, ఆ గొంతు చించుకోవడం ఉందా? ఉంటే, హిట్టవ్వకపోయినా సరే, ఆల్బంలో ఎక్కడో వెనక పడున్నదైనా సరే, ఎంత పొడుగున్నా సరే, పూర్తిగా వేస్తాడు."

"మరి ఒకే పాట రెండింటికీ సరిపోతే?"

"రెండు చోట్లా వస్తాది. అప్పుడు ఆ పాటని చూడకు, పక్క పాటని చూడు. పక్కన డాన్సు పాటుంటే అది హిట్స్ వాడి ఇల్లు. పక్కన కూడా గిటారే ఉంటే అది రాక్ వాడి ఇల్లు."

"మన పొద్దున్న గంట హిట్స్. అయితే మన పద్యాల గంట రాక్ స్టేషనా?" అని నేను పగలబడి నవ్వేను.

"నవ్వకు. వాళ్ళు గిటారు కోసం ఎలా కొట్టుకు చస్తారో మనవాళ్ళు రాగం కోసం అలా కొట్టుకు చస్తారు. కొద్దిమందే ఉంటారు. కానీ ఇంకో స్టేషన్‌కి పోరు."

అది నిజమని ఆవిడకే ఓసారి తల బొప్పికట్టి తెలిసింది. ఒక మధ్యాహ్నం పద్యాల గంటలో పిన్నే స్వయంగా ఒక సినిమా పద్యం పెట్టింది. మంచి పద్యం. పాడినవాడూ మంచివాడే. అది ముగిసిందో లేదో ఎస్. రాయవరం నుంచి ఒక రైతు ఫోను. "అమ్మా, పద్యం బాగానే ఉందండి. రాగం ఏదండి? ఇస్తరేసి, అన్నం పెట్టి, కూర మరిసిపోయినట్టుందండి." ఆయన వెనకే ఇంకో ఇద్దరు. ఒకాయనైతే అలిగినట్టు మాట్లాడేడు. నాటకం పద్యంలో రాగం ఎంతసేపు సాగితే అంత సంబరం వాళ్ళకి. సినిమాలో అంత వీలు ఎక్కడుంటుంది? మర్నాడు పద్యాలకి ముందు పిన్ని మైకు తీసుకుని, "నిన్న మీ గంటలో మీది కానిది పెట్టేను, మన్నించండి" అని చెప్పింది. తర్వాత నాతో, "పేరు చూసి బోల్తా పడ్డాను. పద్యం అని ఉంది కదా అని పెట్టేసేను. తీరు చూళ్ళేదు" అంది. తప్పు ఒప్పుకోడానికి ఆవిడకి అంతకంటే ఎక్కువ మాటలు అక్కర్లేదు.

పొద్దున్న గంటకి మాత్రం ఎవరూ ఫోను చెయ్యరు. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు. అందుకే దానికి పరీక్ష పెట్టాలనేది. నెలకోసారి ఇద్దరం ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్ళేవాళ్ళం. తుని బస్సు కోసం, కొయ్యూరు బస్సు కోసం కూర్చున్నవాళ్ళ పక్కన చోటు చూసుకుని కూర్చునేది. "అమ్మా, ఈ పాట ముక్క కొంచెం వినిపిస్తాను, వింటారా?" అని అడిగి, ఫోన్లో పల్లవి మొదటి లైను వినిపించి టక్కున ఆపేసేది. ఆపి, వాళ్ళ మొహంలోకి చూసేది.

"నోటితో చెప్పేది నమ్మకే" అనేది నాతో. "తెలుసా అంటే మర్యాదకి అందరూ తెలుసనే అంటారు. పెదాలు చూడు. రెండో లైను పెదాల మీదకొస్తే పాట బతికున్నట్టు."

ఓసారి కొయ్యూరు వెళ్ళే ఒకావిడ, అడ్డాకుల కట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. పిన్ని ముక్క వినిపించి ఆపింది. ఆవిడ "నాకు తెల్దమ్మా" అంది. అంటూనే రెండో లైను సన్నగా అనేసింది, తనకే తెలీకుండా. పిన్ని ఆ రోజంతా సంతోషంగా ఉంది. బజ్జీలు కొనిపెట్టింది నాకు.

ఇదంతా సరదాగానే ఉంటుంది, డిసెంబరు వచ్చేదాకా.

డిసెంబరులో పిన్ని గీత జరిపేది, ఏ ఏడు దాకా పాత పాటలు వెయ్యొచ్చో చెప్పే గీత. క్లాసిక్ హిట్స్ వాళ్ళ అసలు రూలు అదేనట. వినేవాళ్ళ వయసు ముందుకి పోతుంటుంది కాబట్టి పాటల కిటికీ కూడా ముందుకి జరగాలి. ఈ పక్క ఒక ఏడాది పాటలు కొత్తగా చేరతాయి, ఆ పక్క ఒక ఏడాది పాటలు వెళ్ళిపోతాయి. చెరుకు తోటల్లో పనికెళ్ళే ఆడవాళ్ళు, ఆటోవాళ్ళు, కిరాణా కొట్లలో కూర్చునేవాళ్ళు, వాళ్ళ పడుచుతనంలో విన్న పాటలు ఏవో అవి ఉండాలి. అంతకు ముందువి పోవాలి. పద్యాల గంటకి ఈ గీత లేదు. అది తీరుని బట్టి నడిచేది కదా, ఏళ్ళతో దానికి పని లేదు. ఎంత పాత పద్యమైనా పద్యమే. కానీ పొద్దున్న గంటకి గీత ఉంది, పిన్ని దాన్ని ఏ ఏడూ తప్పించలేదు.

అలా జరిపి జరిపి నాలుగైదేళ్ళ కింద మా అమ్మమ్మ పాటలు తీసేసింది.

అమ్మమ్మ, పిల్లలు చిన్నప్పుడు, టూరింగ్ టాకీసుల్లో విన్న పాటలు. అవి హిట్లలో పట్టవు, కాంప్లెక్సులో ఎవరి పెదాలూ కదలట్లేదు. పద్యాల్లోనూ పట్టవు, అవి పద్యాలు కావు. రెండు గంటల మధ్య వాటికి చోటు లేకుండా పోయింది. ఆ డిసెంబరులో అమ్మమ్మ చేసిన గొడవ మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఒలే, నా పాటలు తీసీసేవంట?"

"తీసేనమ్మా. నువ్వొక్కర్తివే కాదు కదా వినేది."

"ఏటి, నేనొక్కర్తినే మిగిలేనేటి ఈ ఊల్లో?"

"అన్నీ నీ సెల్లులో వేసిస్తాను. నీకిష్టమొచ్చినప్పుడు వేసుకో."

"సెల్లులో ఏసుకుంటే నాకొక్కదానికే. రేడియోలో ఏస్తే ఊరంతటికీ. ఆ మాత్రం తెల్దేటి నీకు, రేడియో ఉద్యోగం సేస్తన్నావు?"

పిన్ని తల వంచుకుని అన్నం కలుపుతూ పోయింది. అమ్మమ్మ ఇంక రేడియో ముట్టనని ఒట్టేసింది. పక్కింటివాళ్ళకీ, పాలు పోసేవాడికీ, చీరలు అమ్మేవాడికీ అందరికీ చెప్పింది, నా కూతురే నా పాటలు తీసేసిందని. మర్నాడు ఎనిమిదింటికి వంటగది కిటికీలో రేడియో సన్నగా మోగుతూనే ఉంది. ఏమంటే "టైము కోసం పెట్టేను" అంది. ఏ రోజడిగినా అదే జవాబు.

పోయే పాటల విషయంలో పిన్నికి ఒక పద్ధతి ఉండేది. డిసెంబరు ఆఖరి వారంలో ఒక్కో పాటని ఒక్కసారి పూర్తిగా వేసేది. ఆ వారం మైకు తనే తీసుకునేది, నన్ను పక్కన కూర్చోబెట్టేది. ఇదే ఆఖరుసారి అని మాత్రం చెప్పేది కాదు.

"చెప్తే పోయేదేముంది పిన్నీ? జనం ఇంకా శ్రద్ధగా వింటారు" అన్నాను ఓసారి.

"చెప్తే పాట వినరే. వీడ్కోలు వింటారు. పాట కదా వాళ్ళు వినాల్సింది."

ఇంకో సంగతి కూడా ఆ వారాల్లో నేను గమనించేను గానీ పట్టించుకోలేదు. రేడియోలో నిశ్శబ్దం అంటే ఆవిడకి మహా చిరాకు. నేను మైకు తెరిచి ఒక్క క్షణం తడబడితే చాలు, స్టూడియో గాజుగోడ అవతల నుంచి కళ్ళురిమేది. "ఖాళీ వదిలేవంటే జనం రేడియో పాడైందనుకుంటారు" అని చివాట్లు. అలాంటిది ఆ వారంలో ఒక్కోసారి ఆవిడే మైకు తెరిచి ఆలస్యంగా మాట్లాడేది. మంచినీళ్ళు తాగుతోందేమో, వయసు మీద పడుతోందేమో అనుకున్నాను.

కడుపులో గడ్డ అని తెలిసేసరికే ముదిరిపోయింది. విశాఖపట్నంలో చేర్చేం. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. వెళ్తే ఒంట్లో ఎలా ఉందో చెప్పేది కాదు, కాంప్లెక్సుకి వెళ్ళేవా, పెదాలు చూసేవా అని అడిగేది. బుగ్గలు లోపలికి పోయి, మెడ దగ్గర ఎముకలు తేలి, ఆ గొంతు మాత్రం అలాగే ఉంది. ఆ గొంతుతోనే చెప్పింది.

"ఈ డిసెంబరుకి నా ఏళ్ళొస్తాయే. నా హైస్కూలు పాటలు. తీసెయ్."

"నువ్వొచ్చి నువ్వే తీద్దువుగానిలే."

"వాగకు. చెప్పేది విను. పిన్ని పోయింది కదా అని జాలిపడి ఉంచేవంటే ఊరుకోను. మా అమ్మవే తీసేను నేను. అమ్మవి తీసి నావి ఉంచుకుంటే అది గీత కాదే, దొంగతనం."

సరే అన్నాను. మంచం మీద ఉన్న మనిషితో వాదించలేక అన్నాను. అలా అన్నందుకు తర్వాత ఎంత అవస్థ పడాలో నాకప్పుడు తెలీదు.

కార్తీకం వెళ్ళకుండానే పోయింది. ముసురు పట్టిన రోజులు. పెద్దకర్మ అయ్యేక చుట్టాలంతా వెళ్ళిపోయేరు. అమ్మమ్మని మా ఇంటికి తెచ్చుకున్నాం, ఆవిడతో పాటు ఆ రేడియో కూడా వచ్చి మా కిటికీలో కూర్చుంది. అమ్మమ్మ పెద్దగా ఏడవలేదు. ఏడిస్తే మాకు తేలిగ్గా ఉండేది. పొద్దున్నే లేవడం, తినమంటే తినడం, లేకపోతే గోడకి ఆనుకుని కూర్చోవడం. నేను స్టేషన్ నుంచి రాగానే మొహంలోకి చూసేది, ఏదో అడుగుదామని.

ఒకరోజు అడిగింది. "ఏమే, ఈ ఏడు ఎవరివి తీస్తావు?"

ఆవిడకి ఏళ్ళ లెక్కలన్నీ వచ్చు. కూతురితో అన్నేళ్ళు పోట్లాడింది కదా.

"దానివి తీసెయ్యకే" అంది. "నావి పోతే పోయేయి. దానివి ఉంచు."

ఆవిడ ఎవరినీ ఏదీ బతిమాలగా నేను చూళ్ళేదు. దెబ్బలాడుతుంది, శాపనార్థాలు పెడుతుంది, బతిమాలదు.

"అన్నీ కాకపోతే ఆ ఒక్కటీ ఉంచు. అది హైస్కూలు నుంచొస్తా పాడీది. వీధి మొదట్లో ఉండగానే నాకు వినిపించీది. పాట వినిపిస్తే అన్నం దించీదాన్ని, పిల్లొచ్చిందని. నేనా సినిమా సూసేనేటి? దాని నోటంట ఇన్నదే నాకు పాట."

ఏ పాటో నాకు తెలుసు. పిన్ని స్టేషన్లో వైర్లు సర్దుతున్నప్పుడు కూడా అదే కూనిరాగం. చనిపోయిన మనిషికి మాటిచ్చేను. బతికున్న మనిషి చేతులు పట్టుకుని అడుగుతోంది. మీరైతే ఎవరి మాట నిలబెడతారో గానీ, నాకు మాత్రం పాలుపోలేదు. పిన్ని మీద ఒళ్ళు మండిపోయింది. తన అమ్మ పాటలు తీసేటప్పుడు పక్కన తనుంది, తిట్లు తింది. తన పాట తీసే పని నా నెత్తిన పెట్టి హాయిగా వెళ్ళిపోయింది. స్టేషన్లో ఆవిడ కుర్చీ కేసి చూసి "నువ్వే వచ్చి చెప్పుకో మీ అమ్మకి" అని పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

కాంప్లెక్సుకి వెళ్ళేను, ఒక్కదాన్నే. ఆ పాట ముక్క పట్టుకుని. అందరి పెదాలూ కదలాలని దేవుడికి దండం పెట్టుకుని మరీ వెళ్ళేను. తుని బస్సు దగ్గర ఒక రిటైరైన మేస్టారు నవ్వేరు, రెండో లైను అనేరు. గాజుల బుట్ట పట్టుకున్న ఒకావిడ "విన్నట్టే ఉందమ్మా" అంది, పెదాలు మాత్రం కదల్లేదు. కండక్టరు, కాలేజీ పిల్లలు, చంటిపిల్లతో కూర్చున్న అమ్మాయి, ఎవరికీ రాలేదు. ఒకామె పాపం నా మొహం చూసి "బాగుందమ్మా పాట" అంది. మర్యాదకి.

పద్యాల గంటలో పెట్టేస్తేనో అని కూడా అనిపించింది. అక్కడ గీత లేదు కదా, ఎన్నేళ్ళైనా ఉంటుంది. అనిపించిన మరుక్షణం ఎస్. రాయవరం రైతు గొంతు చెవిలో వినిపించింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మా పిన్ని పాట సినిమా పాట. పద్యం కాదు. ఎక్కడ పెట్టినా పక్క పాటలు దాన్ని పట్టిచ్చేస్తాయి.

అమ్మమ్మకి ఏమీ చెప్పలేదు. ఉంచుతానని అనలేదు, తీస్తాననీ అనలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ అడక్కపోవడమే భరించలేకపోయేను.

డిసెంబరు ఆఖరి వారంలో, ఒక పొద్దున్న, గంట సగం గడిచేక ఆ పాట వేసేను. ముందు ఏమీ చెప్పలేదు. ముందు పాట అయ్యింది, ఇది మొదలైంది, అంతే. స్టూడియోలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం విన్నాను. స్కూలు యూనిఫాంలో మా పిన్ని ఎలా ఉండేదో నేను చూళ్ళేదు, నేను పుట్టేనాటికే ఆవిడ పెద్దది. అయినా వీధి మొదట్లో నడిచొస్తున్నట్టే అనిపించింది. పాట అయిపోయింది. టైము చెప్పాలి. మైకు తెరిచేను. గడియారం ఎదురుగానే ఉంది, ముళ్ళు కనిపిస్తున్నాయి, నోట్లోంచి మాట రాదు. గాజు అవతల కళ్ళురిమే మనిషి కూడా లేదు. ఎలాగో ఊపిరి కూడదీసుకుని టైము చెప్పి, తర్వాత పాటలోకి వెళ్ళిపోయేను.

మధ్యాహ్నం పద్యాలు ఇంకో అమ్మాయికి అప్పజెప్పి ఇంటికొచ్చేను. అమ్మమ్మ వసారాలో కూర్చుని చేటలో కందులు బాగుచేస్తోంది. కిటికీలో రేడియో నడుస్తోంది. నేను చెప్పులు విప్పుతుంటే తలెత్తకుండానే అంది.

"ఇంక ఎయ్యవు కదా."

"ఎవరు చెప్పేరు నీకు?"

"ఎవరు సెప్పాలే? నావి కూడా అది అలాగే సాగనంపింది, ఒక్కోటీ. ముందొక మాట లేదు, వెనకొక మాట లేదు. పాటయ్యేక మైకు తెరిసీది. మాటాడీది కాదు. అది ఊపిరి తీసిన సప్పుడు వినిపించీది నాకు. అప్పుడు తెలిసీది, ఈ పాట మరి రాదని."

అన్నేళ్ళు పక్కనే కూర్చున్నదాన్ని, ఆవిడ మంచినీళ్ళు తాగుతోందనుకున్నాను. వంటగదిలో, గరగరలో, అమ్మమ్మ అది వింది.

"అదంతా తెలిసీ మరి అంత గొడవెందుకు చేసేవే అమ్మమ్మా? వీధంతా చెప్పుకుని తిరిగేవు కదా."

"గొడవ సెయ్యకపోతే దానికెలాగ తెలుస్తాది, నేను ఇన్నానని?"

అని, చేటలో ఒక రాయి దొరికితే తీసి అవతల పారేసింది. కోపంగానో మామూలుగానో తెలీని గొంతుతో అంది. "ఇవాళ నీ ఊపిరి సప్పుడు వినిపించింది."

నేను చేసింది సరైనదో కాదో ఇది రాస్తున్నప్పటికీ నాకు తెలీదు. పిన్ని మాట నిలబెట్టేను, అమ్మమ్మ మాట తీసేసేను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండును. తిట్టడం ఆవిడ ఎవరి కోసం చేసేదో ఆ పూటే తెలిసింది మరి, ఆ తిట్లకి నా వంతు రాలేదేమో అని ఒక బెంగ కూడా పట్టుకుంది నాకు. వచ్చే డిసెంబరుకి మళ్ళీ గీత జరపాలి. ఎన్నాళ్ళకో నా ఏళ్ళూ వస్తాయి. అప్పుడు ఆ కుర్చీలో ఎవరుంటారో తెలీదు.

రెండయ్యింది. రేడియోలో పద్యాలు మొదలయ్యేయి. అమ్మమ్మకి పద్యాలంటే పడదు, "ఏటా గోల" అని ఎప్పుడూ కట్టేసేది. ఆ రోజు కట్టెయ్యలేదు. చెయ్యి చాచి సౌండు ఇంకొంచెం పెంచింది. పాడేవాడు పాదాలు ముగించేడు, రాగం తీసేడు, తీసి తీసి దించేడు. ఒక పద్యానికీ ఇంకో పద్యానికీ మధ్య చిన్న ఖాళీ వస్తుంది కదా. అమ్మమ్మ కందుల్లో చెయ్యి ఆపి, చెవి కిటికీ వైపు వంచింది.